హవ్వను దేవుడు ఎందుకు చేశాడు? తొమ్మిదేళ్ళ పాప అడిగింది, నా దగ్గర జవాబు లేదు

సండేస్కూల్_టీచర్
పోయిన ఆదివారం పిల్లలకు ఆదికాండము 2వ అధ్యాయం చెప్పాను. ఆదాము జంతువులకు పేర్లు పెట్టడం, గాఢనిద్ర, పక్కటెముక, హవ్వ. చార్టు కూడా గీసుకుని వెళ్ళాను. ముందు ఆదాము, కాస్త వెనక హవ్వ, చుట్టూ చెట్లు. అంతా అయ్యాక ఒక తొమ్మిదేళ్ళ పాప చెయ్యెత్తి, "టీచర్, ఆదాముకి ఒంటరిగా అనిపించకపోతే దేవుడు హవ్వను చేసేవాడే కాదా?" అని అడిగింది. "ఆదాముకి సహాయం కావాలి కదమ్మా, అందుకే చేశాడు" అన్నాను. ఊరుకోలేదు. "మరి హవ్వకి ఏం కావాలో ఎవరైనా అడిగారా?" అంది.

పన్నెండేళ్ళుగా ఈ పాఠం చెప్తున్నాను. ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. వచ్చే వారం చెప్తానని తప్పించుకుని వచ్చేశాను కానీ, ఇంటికొచ్చాక ఆలోచిస్తే నేను ఇచ్చిన జవాబు నాకే నచ్చలేదు. ఒకరి అవసరం తీర్చడానికే తను పుట్టానని ఆ పాప అనుకుంటే? మొదటి స్త్రీని చేయడంలో దేవుని ఉద్దేశం అదొక్కటేనా? వచనాలు చూపించి చెప్పండి. "దేవుని చిత్తం" అని వదిలేయకండి, ఆ పాప వదలదు.

కొత్త_కాపురం
ఆ పాపని మా సంఘానికి పంపండి టీచర్ గారూ. ప్రసంగం అయ్యాక ప్రశ్నలుంటే అడగండి అంటే అందరం చెప్పులు వెతుక్కుంటాం.

ఎబినేజరు_77
ఇందులో అంత టెన్షన్ పడాల్సింది ఏముంది సిస్టర్? వాక్యం సూటిగానే ఉంది. ఆదికాండము 2:18, "నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదు, వానికి సాటియైన సహాయమును వానికొరకు చేయుదును". 1 కొరింథీ 11:9లో పౌలు కూడా స్త్రీ పురుషుని కొరకే సృష్టింపబడిందని రాశాడు. ఆదాము ముందు, హవ్వ తర్వాత. దేవుడు పెట్టిన క్రమం అది. ఈ కాలానికి నచ్చదని పిల్లల దగ్గర వాక్యాన్ని మెత్తబరచకూడదు. మీరు చెప్పిన జవాబు సరైనదే.

ప్రశ్న_గుర్తు
సరైన జవాబే అయితే టీచర్ గారికి నిద్ర ఎందుకు పట్టడం లేదు?

పాత_అట్ట_బైబిలు
ఎబినేజరు బ్రదర్, మీరు 2వ అధ్యాయంతో మొదలుపెట్టారు. హవ్వ గురించి మొదటి మాట అక్కడ లేదు, 1:27లో ఉంది. "స్త్రీనిగాను పురుషునిగాను వారిని సృజించెను", అదీ "దేవుని స్వరూపమందు". ఆ వెంటనే 28లో దేవుడు వాళ్ళను ఆశీర్వదించి భూమిని నిండించమని, దాన్ని లోపరచుకోమని, చేపలను, పక్షులను, జీవులన్నిటినీ ఏలమని చెప్పాడు. ఆ మాటలు ఇద్దరికీ కలిపి చెప్పినవి. నువ్వు ఏలు, ఆమె నీ బట్టలు మడత పెడుతుంది అని అక్కడ లేదు. కాబట్టి ఉద్దేశం ఏమిటని అడిగితే మొదటి జవాబు: దేవుని స్వరూపాన్ని మోయడం, ఆయన సృష్టి మీద ఆయన తరఫున బాధ్యత వహించడం. ఆదాముకు ఇచ్చిన ఉద్దేశమే హవ్వదీ.

5:2 కూడా చూడండి. ఇద్దరినీ సృజించి "వారికి నరులని పేరు పెట్టెను". హెబ్రీలో అక్కడున్న మాట ఆదాము అనే. అంటే ఆ పేరు మొదట ఇద్దరిదీ.

హెబ్రీ_విద్యార్థి
2:18 గురించే కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే గొడవంతా "సహాయము" అన్న మాట దగ్గరే వస్తోంది.

హెబ్రీలో అక్కడ ఉన్నది "ఎజెర్ కెనెగ్దో". ఎజెర్ అంటే సహాయం. పాత నిబంధనలో ఈ నామవాచకం 21 సార్లు వస్తుంది. రెండుసార్లు హవ్వ విషయంలో (2:18, 2:20). మిగతావాటిలో ఎక్కువసార్లు దేవుని గురించే. కీర్తన 121 అందరికీ నోటికొచ్చు: "నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును? యెహోవావలననే నాకు సహాయము కలుగును". ఆ సహాయం ఎజెరే. మోషే తన కొడుక్కి ఎలీయెజెరు అని పేరు పెట్టాడు, నా దేవుడు నాకు సహాయం అని, ఫరో కత్తి నుంచి తప్పించాడు కాబట్టి (నిర్గమ 18:4). సమూయేలు రాయి నిలబెట్టి ఎబెనెజరు అన్నాడు, సహాయపు రాయి అని (1 సమూయేలు 7:12). యుద్ధంలో అండగా వచ్చే సైన్యానికి కూడా ఇదే మాట వాడారు. అంటే ఇది పనిమనిషి చేసే సాయానికి వాడే మాట కాదు. తను లేకపోతే అవతలివాడు నిలవలేడు అన్నచోట వాడే మాట.

ఇక కెనెగ్దో. అతని ఎదుట, అతనికి ఎదురుగా, అతనికి తగినట్టు. వెనకా కాదు, కిందా కాదు. కళ్ళలోకి కళ్ళు పెట్టి చూడగలిగే చోట.

కొత్త_కాపురం
ఎబినేజరు అన్నా, మీ పేరులోనే జవాబు ఉందన్నమాట!

ఎబినేజరు_77
మా నాన్నగారు పెట్టిన పేరు తమ్ముడూ, అర్థం నాకు తెలుసు. దేవుడు సహాయం చేస్తాడు కాబట్టి దేవుడు మన కింద ఉన్నాడని ఎవరూ అనరు, ఆ మాట ఒప్పుకుంటాను. అలాగే హవ్వ సహాయం కాబట్టి పైన ఉందని కూడా అనలేం. ఆ మాట ఒక్కటే పట్టుకుని ఎటూ తేల్చలేం అంటున్నాను.

హెబ్రీ_విద్యార్థి
న్యాయమైన మాట. ఎజెర్ ఒక్కటే పట్టుకుంటే తేలదు. అందుకే పక్కన రెండో మాట పెట్టారు.

ప్రశ్న_గుర్తు
ఒక అనుమానం. హెబ్రీ తెలిస్తేనే అర్థమయ్యే సంగతి అయితే మిగతా వాళ్ళం ఏం చేయాలి? ఆ తొమ్మిదేళ్ళ పాపకు కెనెగ్దో అని చెప్తారా?

మరియమ్మ_మనవరాలు
హెబ్రీ దాకా ఎందుకండీ, మన తెలుగు బైబిల్లోనే ఉంది. "సాటియైన సహాయము". సాటి అంటే ఏమిటి? "నీకు సాటి ఎవరు ప్రభువా" అని పాడతాం. సాటిలేని వాడు అంటాం. తోటి, సమానం, జోడు. ఆ మాట పెట్టిన అనువాదకుల చేతులకు దండం పెట్టాలి. మనం చేసింది ఏమిటంటే సాటిని మింగేసి సహాయాన్ని మాత్రమే ప్రసంగించడం.

నా సొంత సంగతి చెప్తాను. పెళ్ళికి ముందు మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక పెద్దాయన కౌన్సెలింగ్ ఇచ్చారు. నాకు "సహాయము" అన్న మాట మీద దాదాపు గంట చెప్పారు. పొద్దున్నే లేవడం దగ్గర్నుంచి అత్తమామల మందుల దాకా. మా ఆయనకు "సాటి" అన్న మాట మీద ఒక్క నిమిషం కూడా చెప్పలేదు. ఆ మాట ఒకటుందని మేమిద్దరం ఆరేళ్ళ తర్వాత ఇంట్లో బైబిలు చదువుకుంటుంటే గమనించాం. ఆ రోజు మా ఆయన ఆ వచనం మూడుసార్లు చదివాడు.

2:23 చూశారా? "నరునిలోనుండి తీయబడెను గనుక నారి అనబడును". నరుడు, నారి. ఎంత చక్కగా కుదిరిందో.

హెబ్రీ_విద్యార్థి
అక్కా, అది నిజంగా అద్భుతమే. హెబ్రీలో అక్కడ ఈష్, ఇష్షా అనే మాటల ఆట ఉంది. చాలా భాషల్లోకి అది దిగదు. తెలుగులో నరుడు, నారి అని దిగింది. ఇంకోటి, మనిషి మాట్లాడినట్టు బైబిలు మొదటిసారి రాసింది ఈ వచనమే. జంతువులకు పేర్లు పెట్టాడని ఉంది గానీ అతను అన్న మాటలు ఉన్నవున్నట్టు లేవు. హవ్వను చూశాకే నోరు తెరిచాడు, అదీ కవిత్వంలో. "నా యెముకలలో ఒక యెముక, నా మాంసములో మాంసము". ఆమె తనకు ఏం చేసిపెడుతుందో అతను అనలేదు. తనలాంటిదే అన్నాడు.

పాత_అట్ట_బైబిలు
పైగా ఆ ముందు జరిగింది గమనించండి. దేవుడు జంతువులన్నిటినీ అతని దగ్గరికి తెచ్చాడు. తోట దున్నడానికి చెయ్యి సాయమే కావలసి ఉంటే ఎద్దు చాలు. కాపలాకి కుక్క చాలు. అవన్నీ వచ్చి వెళ్ళాక "ఆదామునకు సాటియైన సహాయము అతనికి లేకపోయెను" అని రాసి ఉంది. పనికొచ్చేవి ఉన్నాయి, సాటి లేదు.

నిశ్శబ్దంగా_చదివే_వాడు
ఎప్పుడూ రాయను, ఇవాళ ఒక్కటి. పాప మొదటి ప్రశ్నలోనే చిన్న పొరపాటు ఉంది. ఆదాముకి ఒంటరిగా అనిపించిందని వాక్యంలో ఎక్కడా లేదు. అతను అడగలేదు, ఏడవలేదు. "మంచిది కాదు" అన్నది దేవుడు. 1వ అధ్యాయంలో మంచిది అన్న మాట ఏడుసార్లు వస్తుంది: వెలుగు మంచిది, నేల మంచిది, చేపలు మంచివి. బైబిల్లో మొదటి "మంచిది కాదు" 2:18లో వస్తుంది, అప్పటికి పాపం ఇంకా రాలేదు. చివరి "చాలమంచిది" (1:31) స్త్రీ, పురుషుడు ఇద్దరూ ఉన్నాకే. హవ్వ వచ్చింది ఆదాము మూడ్ బాగు చేయడానికి కాదు. సృష్టిలోనే ఒక లోటు ఉంది, ఆమె వచ్చాక అది నిండింది.

సండేస్కూల్_టీచర్
ఇది నాకు తట్టనే లేదు. ఏడు మంచిదిలు, ఒక మంచిది కాదు. పిల్లలతో లెక్కపెట్టిస్తాను.

మాటకి_మాట
యూట్యూబ్‌లో విన్నాను, ఆదాముకి హవ్వ కంటే ముందు లిలిత్ అని ఇంకో భార్య ఉండేదట. ఆమె సమానంగా ఉంటానంటే వెళ్ళగొట్టి, మాట వినే హవ్వను చేశారట. అది బైబిల్లోంచి తీసేశారంటున్నారు. నిజమేనా?

పాత_అట్ట_బైబిలు
తీసేయడానికి అసలు అందులో ఉంటే కదా. ఆ కథ మధ్యయుగాల్లో యూదుల మధ్య పుట్టిన ఒక రచనలోది, ఆదికాండము తర్వాత ఎన్నో వందల ఏళ్ళకు రాసినది. ఆదికాండములో లిలిత్ లేదు. యెషయా 34:14లో హెబ్రీలో ఆ మాట ఒక్కసారి కనిపిస్తుంది, పాడుపడిన దేశంలో తిరిగే జీవుల జాబితాలో. ఆదాముతో సంబంధమే లేదు. దయచేసి దీన్ని ఇక్కడితో వదిలేద్దాం, టీచర్ గారి ప్రశ్న పక్కకు పోతుంది.

కొత్త_కాపురం
మా పెళ్ళిలో అయ్యగారు చెప్పిన వాక్యం నాకు బాగా నచ్చింది. "దేవుడు హవ్వను ఆదాము తలలోనుంచి తీయలేదు, అతని మీద పెత్తనం చేయకూడదని. పాదంలోనుంచి తీయలేదు, తొక్కకూడదని. పక్కలోనుంచి తీశాడు, సమానంగా ఉండాలని". ఏ అధ్యాయం?

హెబ్రీ_విద్యార్థి
వాక్యం కాదు తమ్ముడూ, వ్యాఖ్యానం. ప్రతి పెళ్ళిలో వినడం వల్ల వచనం అనిపిస్తుంది. 13వ శతాబ్దంలో తోమా అక్వినాస్ అనే వేదాంతి ఇలాంటి మాటే రాశాడు. తర్వాత 1714లో చనిపోయిన ఇంగ్లిష్ వ్యాఖ్యాత మాథ్యూ హెన్రీ రాసిన రూపం బాగా వ్యాపించింది, సమానం, చేతి కింద కాపుదల, గుండెకు దగ్గర అంటూ. మంచి మాటే, కాకపోతే వాళ్ళ మాట.

వాక్యంలో ఉన్న మాట "త్సేలా". పక్కటెముక అని మనం చదువుతున్నాం గానీ, అదే మాటను ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారమైన ప్రత్యక్షపు గుడారపు పక్కకి, ఆజ్ఞల పలకలు ఉంచిన మందసపు పక్కకి కూడా వాడారు (నిర్గమ 25, 26 అధ్యాయాలు). అందుకని ఒక ఎముక ముక్క కాదు, ఒక పక్కే అని కొందరు అర్థం చెప్తారు. అలా చదివితే హవ్వ మిగిలిపోయిన ముక్కతో చేసినది కాదు, ఒక పక్క. "ఏక శరీరమైయుందురు" అన్న మాట అప్పుడు ఇంకా బాగా అర్థమవుతుంది.

మాటకి_మాట
మరి మగవాళ్ళకి ఒక పక్కటెముక తక్కువుంటుంది అంటారు?

రాత్రి_డ్యూటీ
నర్సుని, నేను చెప్తాను. ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా మామూలుగా 12 జతలు, మొత్తం 24. 1543లో వెసాలియస్ శరీర నిర్మాణం మీద రాసినప్పుడే ఆ నమ్మకం తప్పని చూపించాడు. అయినా, ప్రమాదంలో తండ్రి చెయ్యి పోతే పిల్లలు చెయ్యి లేకుండా పుట్టరు కదా.

నేను ఇక్కడ చెప్పాలనుకున్నది వేరే. ప్రసవాల వార్డులో పనిచేశాను. నొప్పులు పడుతున్న అమ్మాయికి ఆమె వైపు పెద్దావిడ, "ఓర్చుకో, హవ్వ చేసినదానికి మనం పడాలి" అని చెప్తుంటే విన్నాను. ఒక్కసారి కాదు, చాలాసార్లు. ఆ అమ్మాయి నొప్పి తగ్గించే ఇంజెక్షన్ అడగడానికి కూడా సిగ్గుపడింది. 1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ అనే డాక్టరు ప్రసవానికి క్లోరోఫారం వాడినప్పుడు, వేదనతో పిల్లలను కంటావని హవ్వతో అన్న 3:16 చూపించి అభ్యంతరం చెప్పారు. ఆయన జవాబుగా ఒక చిన్న పుస్తకమే రాశాడు. అందులో 2:21 ఎత్తి చూపించాడు, ఆదాము పక్కటెముక తీసేముందు దేవుడే గాఢనిద్ర కలిగించాడని.

మన తెలుగులోనే చూడండి. హవ్వతో "నీ ప్రయాసమును" హెచ్చిస్తానన్నాడు, ఆదాముతో "ప్రయాసముతోనే" పంట తింటావన్నాడు. హెబ్రీలో కూడా రెండు చోట్లా ఒకటే మాట అని మా పాస్టరమ్మ చెప్పారు. రైతు ట్రాక్టరు కొని ప్రయాసం తగ్గించుకుంటే పాపం అని ఎవరూ అనరు. ఆడమనిషి నొప్పి దగ్గరకొచ్చేసరికి మాత్రం వచనం గుర్తొస్తుంది. హవ్వ ఉద్దేశం నొప్పి పడటం కాదండీ. నొప్పి వచ్చింది ఆ తర్వాత, పండు తిని పాపంలో పడ్డాక.

ఎబినేజరు_77
రాత్రి డ్యూటీ సిస్టర్ చెప్పింది నేనూ ఒప్పుకుంటాను. "అతడు నిన్ను ఏలును" అన్నది కూడా ఆ పతనం తర్వాతే వచ్చిందని నాకు తెలుసు. నేను దాని మీద కట్టడం లేదు. పతనానికి ముందే ఆదాముకు ఆజ్ఞ ఇచ్చాడు, ముందు అతన్ని చేశాడు, ఆమెకు అతనే పేరు పెట్టాడు. 1 తిమోతి 2:13లో పౌలు ఆ వరసనే ఎత్తి చూపించాడు. వరసకు అర్థం లేదంటే పౌలుతో వాదించాలి, నాతో కాదు.

హెబ్రీ_విద్యార్థి
పౌలుతో వాదించడం లేదన్నా. మీరు 1 కొరింథీ 11:9 దగ్గర ఆగారు, పౌలు ఆగలేదు. 11, 12 వచనాలు: అయితే ప్రభువునందు స్త్రీకి వేరుగా పురుషుడు లేడు, పురుషునికి వేరుగా స్త్రీ లేదు. స్త్రీ పురుషుని నుండి కలిగినట్టే పురుషుడు స్త్రీ మూలంగా కలిగాడు, అన్నీ దేవుని మూలంగా కలిగాయి. ఆ "అయితే" అన్న మాటతో ఆయనే తూకం సరిచేశాడు. రోమా 5లో పాపం లోకంలోకి వచ్చింది "ఒక మనుష్యుని ద్వారా" అన్నప్పుడు పేరు పెట్టి చెప్పింది ఆదామునే.

పేరు పెట్టడం అధికారానికి గుర్తు అంటే, ఆదికాండము 16:13లో శారా దాసి హాగరు దేవునికి పేరు పెట్టింది, "చూచుచున్న దేవుడవు నీవే" అని. పేరు పెట్టడం అంటే గుర్తించడం కూడా.

తిమోతి పత్రిక మీద మాత్రం సంఘాలు ఇప్పటికీ ఒక మాట మీద లేవు. దాన్ని ఇక్కడ తేల్చేశానని అనను.

ఎబినేజరు_77
హాగరు సంగతి ఎప్పుడూ అలా ఆలోచించలేదు. చదువుతాను.

ఇంకొకటి రాయాలనిపించింది. మూడేళ్ళ క్రితం నా భార్యకు పక్షవాతం వచ్చింది. అప్పటిదాకా నాకు టీ కాచుకోవడం కూడా రాదు. ఇప్పుడు ఆమెకు తల దువ్వడం దగ్గర్నుంచి అన్నీ నేనే. మొదట్లో, దేవుడు నాకు సహాయంగా ఇచ్చిన మనిషి నాకు సహాయం చేయలేకపోతోందే అని లోపల కోపంగా ఉండేది. నిజం చెప్తున్నాను. ఒకరోజు ఆమె మాట సరిగ్గా రాకపోయినా, నేను లెక్కల్లో చేసిన తప్పు ఒకటి వేలు పెట్టి చూపించింది. సరిదిద్దుకోకపోయి ఉంటే మాకు పెద్ద నష్టం వచ్చేది. సాటి అంటే అదేనేమో. ఇంటికి భర్త శిరస్సు అని ఇప్పటికీ నమ్ముతాను, ఎఫెసీ 5:25లో చెప్పినట్టు తన్నుతాను అప్పగించుకునే శిరస్సు. కానీ పైన నేను "ఇందులో అంత టెన్షన్ ఏముంది" అన్నాను చూశారా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మరియమ్మ_మనవరాలు
అన్నా, వదినగారి కోసం ఇవాళ ప్రార్థన చేస్తాను.

పెళ్ళికాని_అక్క
అందరూ పెళ్ళి గురించే మాట్లాడుతున్నారు. నాకు 43 ఏళ్ళు, పెళ్ళి కాలేదు. కావాలని మానుకోలేదు, కుదరలేదు. హవ్వ పాఠం వచ్చిన ప్రతిసారీ నేను వెనక బెంచీలో కూర్చుంటాను. స్త్రీ ఉద్దేశం భర్తకు సహాయంగా ఉండటమైతే నా ఉద్దేశం మొదలవనే లేదన్నమాట. ఒకసారి ఒకావిడ నాతో అంది, "దేవుడు నిన్ను ఏ పక్కటెముకలోంచి తీశాడో ఆ మనిషి ఇంకా దొరకలేదమ్మా" అని. ఓదార్పుగానే అంది. నేను ఇంటికెళ్ళి చాలాసేపు ఏడ్చాను. నేనొక ఎముకని, ఎవరి ఒంట్లోంచో పోయినదాన్ని, యజమాని కోసం వెతుక్కుంటున్నాను అన్నట్టు.

టీచర్ గారూ, ఆ పాపకు జవాబు చెప్పేటప్పుడు నన్ను గుర్తు పెట్టుకోండి. ఆ క్లాసులో కూర్చున్న ఆడపిల్లలందరికీ పెళ్ళి కాదు.

రాత్రి_డ్యూటీ
అక్కా, ఇది చదివి చాలాసేపు ఏం రాయాలో తెలియలేదు.

పాత_అట్ట_బైబిలు
సిస్టర్, 1:27లో దేవుని స్వరూపం భార్యకు అని లేదు, స్త్రీకి అని ఉంది. 2:18లో దేవుడు బాగోలేదన్నది ఒంటరితనాన్ని. దాన్ని పెళ్ళి ఒక్కటే తీరుస్తుందని అనుకుంటే, పెళ్ళి చేసుకోని పౌలును, యేసు ప్రభువునే ఆ లెక్కలోంచి తీసేయాలి. 1 కొరింథీ 7లో పౌలు పెళ్ళి లేకపోవడాన్ని కూడా కృపావరమనే అన్నాడు. మొదటి స్త్రీతో మొదటి పెళ్ళే కాదు, మొదటి తోడు, మొదటి సంభాషణ, మనుషుల మొదటి గుంపు వచ్చాయి. ఇద్దరు మనుషులు ఉంటేనే కదా "మనం" అన్న మాట. మీరు ఆ "మనం"లో ఉన్నారు. ఆ పక్కటెముక మాట మీతో అనకుండా ఉండాల్సింది.

పిల్లలు_లేని_ఇల్లు
నాకు దీనికి అవతలి వైపు బాధ. భర్త ఉన్నాడు, పిల్లలు లేరు. హవ్వ అంటే "జీవముగల ప్రతివానికిని తల్లి" అని 3:20. స్త్రీ ఉద్దేశం పిల్లల్ని కనడమే అని అగస్టీను లాంటి పెద్దవాళ్ళే రాశారట కదా?

హెబ్రీ_విద్యార్థి
రాశాడండీ. ఆదాముకు మాట తోడుకో, పని తోడుకో అయితే ఇంకో మగవాడే మేలు కదా, కాబట్టి స్త్రీ సహాయం పిల్లల్ని కనడానికే అన్న అర్థంలో అగస్టీను రాశాడు. అక్వినాస్ కూడా దాదాపు ఆ దారిలోనే వెళ్ళాడు. ఇద్దరూ గొప్పవాళ్ళే, నేను వాళ్ళ దగ్గర చాలా నేర్చుకున్నాను. ఇక్కడ మాత్రం వాక్యం వాళ్ళతో లేదని నా నమ్మకం. 2వ అధ్యాయంలో పిల్లల ప్రస్తావనే లేదు. "ఫలించి అభివృద్ధిపొందుడి" అన్న దీవెన 1:22లో చేపలకూ పక్షులకూ ముందే ఇచ్చాడు. అది మంచి దీవెనే, కాకపోతే మనిషిని మనిషిగా చేసేది అది కాదు. చేపలకు లేనిది దేవుని స్వరూపం, అది మీకుంది.

ఆ పేరు ఎప్పుడు పెట్టాడో కూడా చూడండి. హవ్వ అంటే జీవం. "నీవు మన్నే గనుక తిరిగి మన్నైపోదువు" అని విన్న మరుక్షణం, ఇంకా ఒక్క బిడ్డ కూడా పుట్టకముందు, ఆదాము ఆ పేరు పెట్టాడు. చావు గురించి విని జీవం అని పిలిచాడు. 3:15లో స్త్రీ సంతానం సర్ప తలను చితకగొడుతుందన్న మాట వాళ్ళు అప్పుడే విన్నారు. ఆ పేరు పెట్టేటప్పటికి ఆమె ఎవరికీ తల్లి కాదు.

మరియమ్మ_మనవరాలు
రెండో శతాబ్దంలో ఐరేనియస్ అనే బిషప్పు, హవ్వ అవిధేయత వేసిన ముడిని యేసు తల్లి మరియ విధేయత విప్పిందని రాశాడు. మా అమ్మమ్మకు ఆయన పేరు కూడా తెలియదు, కానీ ఈ మాట చెప్పేది. హవ్వను తిట్టడం విన్నప్పుడల్లా, "ఆమెతోనే వాగ్దానం మొదలైందే" అనేది.

ప్రశ్న_గుర్తు
నేను విశ్వాసిని కాదు, ఈ చర్చలో ఊరికే దూరాను. ఒకటి మిగిలింది. పాప రెండో ప్రశ్న, "హవ్వకి ఏం కావాలో ఎవరైనా అడిగారా" అన్నది. దానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

నిశ్శబ్దంగా_చదివే_వాడు
పుట్టకముందు ఎవరినీ అడగరు. ఆదామునూ అడగలేదు. కానీ ఒకటి ఉంది. 3:13లో దేవుడు ఆదాము ద్వారా కాకుండా నేరుగా ఆమెనే అడిగాడు, "నీవు చేసినది యేమిటి" అని. తన పనికి తనే జవాబు చెప్పగల మనిషిగా చూశాడు. ఆదాము "నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే" అని ఆమెను చూపించాడు. దేవుడు ఆ మాటతో సరిపెట్టుకుని ఉండొచ్చు, ఉండలేదు.

తర్వాత ఆమె మాటలు కూడా రాసి ఉన్నాయి. కయీను పుట్టినప్పుడు 4:1, "యెహోవా దయవలన నేనొక మనుష్యుని సంపాదించుకొన్నాను". ఒక కొడుకు చనిపోయి, ఒక కొడుకు దేశదిమ్మరి అయ్యాక 4:25, దేవుడు హేబెలుకు ప్రతిగా ఇంకొకర్ని ఇచ్చాడని షేతుకు పేరు పెట్టింది. బైబిల్లో ఆమె చివరి మాట అదే. తోట పోయింది, బిడ్డ పోయాడు, అయినా దేవుని పేరు వదల్లేదు. నాకు ఒక బిడ్డ పోయాడు. అందుకే ఆ వచనం దగ్గర ఆగిపోతాను.

పెళ్ళికాని_అక్క
ఎప్పుడూ రాయను అన్నారు. రాస్తూ ఉండండి.

సండేస్కూల్_టీచర్
ఆదివారం అయింది. ఏం జరిగిందో చెప్పాలి కదా.

ముందు పిల్లలతో మంచిదిలు లెక్కపెట్టించాను. ఏడు అని అరిచారు. తర్వాత 2:18 చదివించి "సాటి అంటే ఏంటి" అంటే ఒక బాబు "ఆటలో ఇద్దరికీ స్కోరు సమానం అవడం" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను. పాపతో చెప్పాను: "ఆదాము అడిగాడని కాదమ్మా, ఆమె లేకుండా తన లోకం పూర్తి కాలేదని దేవుడే అనుకున్నాడు. ఆమెకు కూడా ఆదాముకు ఇచ్చిన పనే ఇచ్చాడు". రెండో ప్రశ్నకు 3:13 చదివించాను. పాప కాసేపు ఆలోచించి, "అయితే దేవుడు ఆమెతో కూడా మాట్లాడాడు" అంది. ఔనన్నాను. వెనక బెంచీ అక్కను గుర్తు పెట్టుకున్నాను. పెళ్ళయినా కాకపోయినా, పిల్లలున్నా లేకపోయినా 1:27 మారదని రెండుసార్లు చెప్పాను.

తర్వాత పాప చార్టు దగ్గరికి వెళ్ళి, "టీచర్, ఈమె వెనక ఎందుకుంది?" అని అడిగింది. కత్తెర ఇచ్చాను. హవ్వ బొమ్మను జాగ్రత్తగా కత్తిరించి తీసి, ఆదాముకు ఎదురుగా అంటించింది. కాస్త వంకరగా వచ్చింది. అలాగే ఉంచాను.

ఎబినేజరు_77
ఫొటో పెట్టండి సిస్టర్, మా ఆవిడకు చూపిస్తాను.

పాత_అట్ట_బైబిలు
వచ్చే వారం కయీను, హేబెలు కదా టీచర్ గారూ. కయీను భార్య ఎవరని అడుగుతుంది. 5:4 ఇప్పుడే చదివి పెట్టుకోండి.

సండేస్కూల్_టీచర్
వెళ్ళేటప్పుడు అడిగేసింది. కొత్త చర్చ మొదలుపెడుతున్నాను, అందరూ అక్కడికి రండి.